ఇగోర్: బరోక్, మెటల్, ఎలక్ట్రానిక్ సంగీతాల మేళవింపు

ఇగోర్ అనేది ఫ్రెంచి సంగీతకర్త గోతియె సెర్ 2000 దశకం నడుమ మొదలుపెట్టి ఇప్పటికీ నడుపుతున్న సంగీత ప్రయోగం పేరు. మొదట్లో ఒక్కడే కంప్యూటర్ ముందు కూర్చుని చేసిన పని అది. తర్వాత గాయకులు, గిటారిస్టు, డ్రమ్మర్ చేరి వేదిక మీద నిలిచే బ్యాండ్ అయింది. 17, 18 శతాబ్దాల ఐరోపా బరోక్ సంగీతాన్నీ, డెత్ మెటల్‌నీ, బ్రేక్‌కోర్ అనే అతివేగపు ఎలక్ట్రానిక్ సంగీతాన్నీ ఒకే పాటలో, చాలాసార్లు ఒకే నిమిషంలో వినిపించడం దీని గుర్తు. మొదటిసారి విన్నవాళ్ళు దీన్ని అల్లరి అనుకుంటారు. నా ఉద్దేశం వేరు. పైకి బంధుత్వమే లేనట్టు కనిపించే ఈ మూడు సంగీతాలకూ పుట్టుకలోనే ఒక పోలిక ఉంది, సెర్ దాన్ని చెవితో పట్టుకున్నాడు. ఆ పోలిక తెలిస్తే ఈ సంగీతం గందరగోళంగా వినిపించదు. కచేరీల్లో తాళం వేస్తూ పెరిగిన తెలుగు శ్రోతకు, మాదాపూర్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రాత్రి షిఫ్టు చేసే తెలుగు శ్రోతకు కూడా ఇది అందుబాటులోకి వస్తుంది.

సద్దు పెరగని వాద్యాలు

బరోక్ యుగం సుమారు 1600 నుంచి 1750 దాకా అని లెక్క. మాంటెవెర్డీ ఒపెరా ‘లోర్ఫెయో’ 1607 నాటిది, బాక్ మరణం 1750లో. ఈ కాలానికి ఆయువుపట్టు లాంటి వాద్యం హార్ప్సికార్డ్. చూడ్డానికి పియానోలా ఉంటుంది కాని లోపలి పని వేరు. పియానో మీట నొక్కితే చిన్న సుత్తి తీగను కొడుతుంది, గట్టిగా నొక్కితే గట్టిగా మోగుతుంది. హార్ప్సికార్డ్‌లో మీట నొక్కితే ఒక ములుకు తీగను మీటి వదిలేస్తుంది. ఆ ములుకును పూర్వం పక్షి ఈక కాడతో చేసేవారు. వేలు ఎంత గట్టిగా పడినా, ఎంత మెత్తగా పడినా వచ్చే ధ్వని దాదాపు ఒక్కటే. స్వరం పుట్టిన వెంటనే చప్పబడిపోతుంది కూడా.

ధ్వనిని పెంచి తగ్గించే దారి మూసుకుపోయినప్పుడు స్వరకర్త ఏం చేస్తాడు? స్వరాల సంఖ్య పెంచుతాడు. కంపితాలు, ఎగదుముకులు, జారుడు అలంకారాలు చేర్చి ఖాళీని నింపుతాడు. ఒక చిన్న పదబంధాన్ని మెట్టు మెట్టుగా కిందికి దించుతూ మళ్ళీ మళ్ళీ చెబుతాడు. దొమెనికో స్కార్లాటీ రాసిన 555 సొనాటాల్లో కనిపించే వేగం, చేతులు ఒకదాన్నొకటి దాటి వెళ్ళే గంతులు చాలావరకు ఈ అవసరం లోంచి వచ్చినవే.

ఇప్పుడు డిస్టార్షన్ పెట్టిన ఎలక్ట్రిక్ గిటారు సంగతి చూద్దాం. ఆంప్లిఫయర్‌ను దాని శక్తికి మించి నడిపితే ధ్వని తరంగం పైకొసలు తెగిపోతాయి. మెల్లగా మీటినా, గట్టిగా మీటినా బయటికి వచ్చే ధ్వని ఇంచుమించు ఒకే ఎత్తున ఉంటుంది. కాబట్టి మెటల్ గిటారిస్టు కూడా హార్ప్సికార్డ్ వాయించేవాడి దారే పట్టాడు. అరచేతితో తీగలను అదిమి తుంపులు తుంపులుగా వాయించడం, వేగం, ఒకే రిఫ్‌ను, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న గిటారు పదబంధాన్ని, వేరు వేరు మెట్ల మీద తిప్పడం అతని పనిముట్లు. డ్రమ్ మెషిన్‌దీ ఇదే కథ. భద్రపరిచిన ఒక దెబ్బను ఎన్నిసార్లు మోగించినా ఒకే బరువుతో మోగుతుంది. అందుకే ఎలక్ట్రానిక్ లయకారులు దెబ్బలను ముక్కలు చేసి, గుత్తులుగా పేర్చి, సాంద్రతతో భావం పలికించారు.

బరోక్, మెటల్, బ్రేక్‌కోర్ మూడూ ధ్వని ఎత్తు దాదాపు సమంగా ఉండే చోట, ఒత్తిడినీ ఊపునీ సాంద్రతతో పుట్టించిన సంగీతాలు. ఇగోర్ పాటలో హార్ప్సికార్డ్ వరుస ఉన్నట్టుండి బ్లాస్ట్ బీట్ అనే అతివేగపు డ్రమ్ దెబ్బల్లోకి దూకినప్పుడు మారేది నాదం రంగు మాత్రమే. లోపలి కదలిక ముందు ఎలా ఉందో అలాగే సాగుతుంది. అతుకు కనిపించకపోవడానికి కారణం అదే.

ముందు నడిచినవారు

ఈ బంధుత్వాన్ని సెర్ కంటే ముందు గుర్తుపట్టినవాళ్ళు ఉన్నారు. 1968లో వెండీ కార్లోస్ ‘స్విచ్డ్-ఆన్ బాక్’ విడుదల చేసింది. అప్పటి మూగ్ సింథసైజర్ ఒకసారికి ఒక్క స్వరమే పలికేది. అందుకని బాక్ రచనలోని ఒక్కొక్క స్వరధారను విడిగా టేపు మీద రికార్డు చేసి, పొరలుగా పేర్చాల్సి వచ్చింది. బాక్ సంగీతం స్వతంత్ర ధారల అల్లిక కాబట్టి యంత్రం లోపమే ఆ పనికి సరిపోయింది. ఆ రికార్డుకు మూడు గ్రామీలు వచ్చాయి. మెటల్ వైపు, 1972లో డీప్ పర్పుల్ పాట ‘హైవే స్టార్’ సోలోలో రిచీ బ్లాక్‌మోర్ బాక్ తరహా స్వరక్రమాలు వాడాడు. 1984లో స్వీడన్ గిటారిస్టు ఇంగ్వే మాల్మ్‌స్టీన్ ‘రైజింగ్ ఫోర్స్’తో ఆ బాటను ఒక సంప్రదాయంగా స్థిరపరిచాడు. ఆ తర్వాత వచ్చిన అనుకరణల్లో వేగం మిగిలింది, బాక్ మిగలలేదు.

ఎలక్ట్రానిక్ ధారకు మూలం ఒక చిన్న డ్రమ్ ముక్క. 1969లో ది విన్‌స్టన్స్ బృందం ‘ఆమెన్, బ్రదర్’ అనే పాట రికార్డు చేసింది. అందులో డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ నాలుగు ఆవర్తాల పాటు ఒంటరిగా వాయిస్తాడు. సుమారు ఏడు సెకన్ల ఆ ముక్కను తర్వాతి తరాలు కోసి, వేగం పెంచి, తలకిందులు చేసి జంగిల్, డ్రమ్ అండ్ బేస్ సంగీతాలు కట్టుకున్నాయి. 1990లలో పుట్టిన బ్రేక్‌కోర్ ఆ కోతను చివరి అంచు దాకా తీసుకెళ్ళింది. కెనడా సంగీతకర్త వెనీషియన్ స్నేర్స్ 2005లో హంగేరియన్ పేరుతో తెచ్చిన ఆల్బమ్‌లో తీగవాద్యాల శాస్త్రీయ సంగీతాన్ని ఆ కోతలతో కలిపాడు. ఇగోర్‌కు అత్యంత దగ్గరి పూర్వీకుడు అతనే. కాని అక్కడ మెటల్ లేదు, గొంతు చించుకునే మనిషీ లేడు.

సెర్ పని

సెర్ తొలి రెండు రికార్డులు ‘ప్వాసోన్ సొల్యూబ్ల్’ (2006), ‘మ్వాజిస్యూర్’ (2008) సొంతంగా తెచ్చుకున్నవి. 2010లో ‘నాస్ట్రిల్’, 2012లో ‘హల్లెలూయా’ బెర్లిన్‌లోని ఆడ్ నోయిజామ్ సంస్థ నుంచి వచ్చాయి. ‘నాస్ట్రిల్’ నాటికే అతని భాష స్థిరపడింది. ఒపెరా గొంతు పాడుతుంది, డ్రమ్ ముక్కలు వర్షంలా కురుస్తాయి, గిటారు వచ్చి గోడ కూలుస్తుంది, మళ్ళీ హార్ప్సికార్డ్ ఏమీ జరగనట్టు తన వాక్యం పూర్తిచేస్తుంది. ఆ గొంతు చాలావరకు లోర్ ల ప్రునెనెక్‌ది. బరోక్ ఒపెరా విలాపం నుంచి జంతువు అరుపు దాకా ఒక్క ఊపిరిలో వెళ్ళగల గాయని ఆమె. ఇగోర్ పాటల్లో మనిషి బాధ వినిపించే చోటల్లా ఆమె ఉండేది. యంత్రం ఎంత చతురంగా ఉన్నా ఆమె లేకుంటే ఈ ప్రయోగం ఇంత దూరం వచ్చేది కాదని నా నమ్మకం. రెండో గాయకుడు లోరాన్ ల్యూన్వార్, డ్రమ్మర్ సిల్వాన్ బువియే వేదిక మీద ఈ సంగీతానికి శరీరం ఇచ్చారు.

సెర్‌కు పక్కదారులూ ఉన్నాయి. ‘వూర్కర్’ పేరుతో మరింత క్రూరమైన మెటల్-ఎలక్ట్రానిక్ జంటబృందం నడిపాడు, ల ప్రునెనెక్‌తో కలిసి ‘కోర్పో-మెంటే’ అనే నెమ్మదైన, సాంద్రమైన బృందం కట్టాడు. పాట్రిక్ అనే తన కోడి పియానో మెట్ల మీద గింజలు పొడుస్తుంటే వచ్చిన స్వరాలను తీసుకుని వాటి చుట్టూ పూర్తి సంగీతం అల్లిన సంగతి అభిమానులందరికీ తెలుసు. అది వినోదంగానే ప్రసిద్ధమైనా అతని పద్ధతి అందులో స్పష్టంగా ఉంది. దొరికిన ధ్వనిని యథాతథంగా గౌరవించి, దానికి తగిన శ్రుతీ లయా వెతికి కట్టడం అతని అలవాటు.

2017లో ‘సావేజ్ సైనసాయిడ్’ మెటల్ బ్లేడ్ నుంచి వెలువడింది. 1982లో మొదలైన ఈ అమెరికన్ సంస్థ మెటాలికా పాటను తన తొలి సంకలనంలోనే వినిపించింది. అలాంటి చోటి నుంచి హార్ప్సికార్డ్ మోగే రికార్డు రావడమే ఒక విశేషం. అంతకంటే ముఖ్యమైన మార్పు మరొకటి ఉంది. ఈ ఆల్బమ్‌లో పాత రికార్డుల నుంచి కోసి తెచ్చిన ముక్కలు వాడలేదని సెర్ చెప్పాడు. హార్ప్సికార్డ్, వయొలిన్, సితార్, అకార్డియన్ వంటి వాద్యాలన్నీ మనుషులతో వాయించి రికార్డు చేయించి, ఆ తర్వాతే కంప్యూటర్లో కోశాడు. కోతసంగీతం నుంచి వచ్చిన మనిషి తీసుకున్న ఈ నిర్ణయం మామూలుది కాదు. ఇతరుల ముక్కల మీద ఆధారపడితే ఆ ముక్క ఎంతవరకు పోతే అంతవరకే పాట పోతుంది. సొంతంగా రాసి వాయించినప్పుడు బరోక్ వరుస ఎక్కడ మలుపు తిరగాలో, ఏ శ్రుతిలోకి మారాలో తానే నిర్ణయించవచ్చు. ‘సావేజ్ సైనసాయిడ్’ ముందు రికార్డుల కంటే గట్టిగా, ఒక్క ముక్కలా వినిపించడానికి ఇదే కారణమని తోస్తుంది. డెత్ మెటల్ బృందం కాటిల్ డికాపిటేషన్ గాయకుడు ట్రావిస్ రయన్ కూడా ఇందులో గొంతు కలిపాడు.

2020 మార్చిలో వచ్చిన ‘స్పిరిచువాలిటీ అండ్ డిస్టార్షన్’ ఊద్ వాద్యంతో, పశ్చిమాసియా ఛాయలతో మొదలవుతుంది. కానిబాల్ కార్ప్స్ బృందం గాయకుడు జార్జ్ ఫిషర్ పాడిన ‘పార్పాన్’లో శుద్ధమైన డెత్ మెటల్ మధ్యలో పాత వీడియో గేముల బీప్ ధ్వనులు వస్తాయి. అదే రికార్డులోని ‘బరొక్కో సతానీ’ పేరుకు తగ్గట్టే బరోక్‌నీ చీకటి మెటల్‌నీ ఎదురెదురు నిలబెడుతుంది. 2021లో ల ప్రునెనెక్, ల్యూన్వార్ వెళ్ళిపోయారు, కొత్త గాయకులు చేరారు. 2025లో ‘ఆమెన్’ వచ్చింది.

తెలుగు చెవికి

కర్ణాటక సంగీతం ఐరోపా సంగీతానికి పూర్తిగా అపరిచితం కాదు. 19వ శతాబ్ది మొదటి భాగంలో ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఐరోపా వయొలిన్ నేర్చి మన సంగీతంలోకి తెచ్చాడు. ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండు బాణీల మీద నొట్టుస్వరాలు రాశాడు. తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు విజయనగరం నుంచి ఆ వయొలిన్‌ను ఒంటరిగా కచేరీ నడిపే స్థాయికి తీసుకెళ్ళాడు. అంటే ఐరోపా వాద్యాన్ని మన శ్రుతికి లొంగదీసుకోవడంలో మనకు రెండు వందల ఏళ్ళ అనుభవం ఉంది.

1986లో ఇళయరాజా ‘హౌ టు నేమ్ ఇట్’ను త్యాగరాజుకూ బాక్‌కూ అంకితం చేశాడు. అందులోని ‘ఐ మెట్ బాక్ ఇన్ మై హౌస్’లో బాక్ మూడో వయొలిన్ పార్టీటా ప్రారంభరచనను వి.ఎస్. నరసింహన్ వయొలిన్‌తో కర్ణాటక బాణీలోకి నడిపించాడు. అక్కడ ఎదురయ్యే చిక్కు పెద్దది. మన సంగీతం ఒక ఆధార షడ్జం మీద చివరి దాకా నిలబడుతుంది, తంబుర ఆగదు. బాక్ సంగీతం ఆధారాన్నే మారుస్తూ ప్రయాణించి, చివరికి ఇంటికి చేరుతుంది. ఇళయరాజా ఈ రెండింటి మధ్య వంతెన కట్టాడు. సెర్ వంతెన కట్టకుండా గంతు వేస్తాడు. రెండు పద్ధతులకూ సాహసం కావాలి. రసం రీత్యా ఇళయరాజాది సంభాషణ, సెర్‌ది ఘర్షణ.

వాద్యం లోపమే కొత్త దారి చూపిస్తుందని పైన చెప్పిన మాటకు అసలైన తెలుగు ఉదాహరణ మాండలిన్ శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టి 2014లో చెన్నైలో కన్నుమూసిన ఉప్పలపు శ్రీనివాస్ చేపట్టిన వాద్యానికి కూడా హార్ప్సికార్డ్ లోపమే ఉంది. మీటగానే స్వరం చచ్చిపోతుంది, గమకం లాగడానికి సమయం ఉండదు. ఆయన జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టాడు, ఐదో తీగ చేర్చాడు, వాద్యాన్ని ఎలక్ట్రిక్ చేశాడు. విద్యుత్తు స్వరానికి ఆయుష్షు పోసింది, దానితో గమకం సాధ్యమైంది. 1995లో ఆయన రియల్ వరల్డ్ సంస్థకు కెనడా సంగీతకర్త మైకేల్ బ్రుక్‌తో కలిసి ‘డ్రీమ్’ చేశాడు. బ్రుక్ ఆగకుండా మోగే ‘ఇన్ఫినిట్ గిటారు’ తయారుచేసినవాడు. స్వరం త్వరగా ఆరిపోయే వాద్యం నుంచి బయలుదేరిన మనిషి, ఆరనే ఆరని వాద్యం చేసిన మనిషి పక్కన కూర్చుని ఎలక్ట్రానిక్ పొరల మధ్య రాగం వాయించాడు. మెటల్ లేకపోయినా, ప్రయోగం అన్న మాటకు తెలుగువాళ్ళు ముందుగా చెప్పుకోవలసిన రికార్డుల్లో ఇదొకటి. దక్కవలసినంత చర్చ దానికి దక్కలేదు.

లయ విషయంలో తెలుగు శ్రోతకు ఇంకా పెద్ద వెసులుబాటు ఉంది. ఇగోర్ పాటల్లోనూ, సెర్ అభిమానించే మెషుగ్గా బృందం పాటల్లోనూ ఒక వాద్యం నాలుగు లెక్కన, మరొకటి ఐదు, ఏడు లెక్కన నడిచి మళ్ళీ ఒకచోట కలుస్తాయి. చతురశ్రం మీద ఖండగతి, మిశ్రగతి వేసి, మూడుసార్లు తిప్పి సమం మీద దించే మృదంగ ముక్తాయింపు విన్నవారికి ఇది వింత కాదు. పాట మధ్యలో దారి తప్పినట్టు అనిపిస్తే గిటారును వదిలేసి, డ్రమ్ సెట్‌లోని తాళం పలక మోతను అనుసరించి చేత్తో తాళం వేసుకుంటే చాలు, కాసేపట్లో సమం దొరుకుతుంది. గమకం తెలిసిన చెవికి బరోక్ కంపితాలూ అంతే. స్ఫురితం అనే గమకానికి దగ్గరి చుట్టాలు వాటిలో చాలా ఉన్నాయి.

సైబరాబాద్‌లో

1998లో సైబర్ టవర్స్ తెరిచిన తర్వాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు చేరిన తరంతో పాటు ఈ సంగీతాల శ్రోతలు కూడా అటు చేరారు. ఇంజినీరింగ్ కాలేజీ ఉత్సవాల్లో గిటారు పట్టుకున్నవాళ్ళు ఉద్యోగంలో చేరాక జీతంతో మంచి ఆంప్లిఫయర్ కొనుక్కున్నారు, వారాంతాల్లో జామ్ రూముల్లో కలిశారు. 2011 అక్టోబరులో మెటాలికా బెంగళూరుకు వచ్చినప్పుడు హైదరాబాద్ నుంచీ బస్సెక్కారు. మెటల్‌కు బెంగళూరే పెద్దదిక్కు అన్న అభిప్రాయం అప్పటిది.

అయినా హైదరాబాద్ ఖాళీగా లేదు. హైదరాబాద్, బెంగళూరుల మధ్య నడిచే డెత్ మెటల్ బృందం గాడ్‌లెస్ 2016లో ‘సెంచురీస్ ఆఫ్ డెకడెన్స్’, 2018లో ‘స్వార్మ్’, 2021లో పూర్తి ఆల్బమ్ ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ తెచ్చింది. దీన్లో బరోక్ లేదు, ఎలక్ట్రానిక్ లేదు. ఇగోర్ మిశ్రమంలోని మూడో వంతు మాత్రమే ఇక్కడ దొరుకుతుంది, కాని ఆ వంతు కల్తీ లేనిది. ఏ కలయికకైనా ముందు ఒక్కో ధారనూ లోతుగా వాయించగలవాళ్ళు ఉండాలి కాబట్టి ఇలాంటి బృందాలకు విలువ ఎక్కువ.

ఎలక్ట్రానిక్ వంతుకు కొరత లేదు. పబ్బుల్లో డీజేలున్నారు, సినిమా స్టూడియోల్లో ప్రోగ్రామర్లున్నారు. నిజానికి తెలుగు ప్రేక్షకుడు రోజూ వినే మిశ్రమం సినిమాలోనే ఉంది. కథానాయకుడి ‘ఎలివేషన్’ సన్నివేశంలో డిస్టార్షన్ గిటారు, గుండెలదిరే ఎలక్ట్రానిక్ బేస్, మంత్రోచ్చారణ లాంటి బృందగానం కలిసి వస్తాయి. ‘అఖండ’కు (2021) తమన్ ఇచ్చిన నేపథ్య సంగీతం ఈ బాణీకి పేరుపడ్డ ఉదాహరణ. ముడిసరుకు రీత్యా ఇది సెర్ సంగీతానికి మనం అనుకునేదాని కంటే దగ్గర. కాని సినిమాలో ఆ ధ్వని తెర మీది మనిషి నడకకు కట్టుబడి ఉంటుంది. అతను ఆగితే సంగీతమూ ఆగాలి. సొంత వాక్యం పూర్తిచేసుకునే అవకాశం దానికి దొరకదు. ఆ స్టూడియోల్లో పనిచేసే చేతులకే తెర లేకుండా నాలుగు నిమిషాలు దొరికితే ఏం వాయిస్తారో వినాలన్న కోరిక నాకు చాలాకాలంగా ఉంది.

దొరకనిది చోటు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం వాణిజ్య ప్రాంతంలో పగలు 65, రాత్రి 55 డెసిబెల్స్, నివాస ప్రాంతంలో 55, 45 పరిమితి. రాత్రి పది దాటితే బహిరంగ ప్రదేశంలో లౌడ్‌స్పీకర్ కూడదు. మైకు లేకుండా వాయించినా డ్రమ్ సెట్ దగ్గర నూరు డెసిబెల్స్ దాటుతుంది. నియమం న్యాయమైనదే, పడుకునేవాళ్ళు పడుకోవాలి. దాని ఫలితం మాత్రం ఏమిటంటే, శబ్దం బయటికి పోని మూసిన హాలు లేకుండా మెటల్ బతకదు. హైటెక్ సిటీ చుట్టుపక్కల శిల్పకళావేదిక, హెచ్‌ఐసీసీ వంటి భారీ ప్రాంగణాలున్నాయి, బ్యాండ్లు వాయించే హార్ట్ కప్ కాఫీ లాంటి కాఫీ షాపులున్నాయి. ఈ రెండింటికీ మధ్య రెండు మూడు వందల మంది నిలబడి వినే, ధ్వని నిర్మాణం తెలిసినవాళ్ళు కట్టిన హాళ్ళు తక్కువ. ప్రయోగ సంగీతం ప్రపంచంలో ఎక్కడైనా పెరిగింది ఆ మధ్యరకం హాళ్ళలోనే. బంజారాహిల్స్‌లో 2010లో మొదలైన లామకాన్ మాటకూ పాటకూ నాటకానికీ అలాంటి చోటు ఇచ్చింది, కాని ఆరుబయటి ప్రాంగణంలో బ్లాస్ట్ బీట్ కుదరదు.

వినడం మొదలుపెట్టేవారికి

‘సావేజ్ సైనసాయిడ్’ మూడు చోట్ల తలుపు తెరుస్తుంది. ‘ఇయుడ్’ హార్ప్సికార్డ్‌తో, ల ప్రునెనెక్ గొంతుతో మొదలవుతుంది, బరోక్ నుంచి మెటల్‌లోకి దాటడం ఎలా జరుగుతుందో అందులో తేటగా వినవచ్చు. ‘చెవాల్’లో అకార్డియన్ ఉంది, నవ్వొస్తుంది. ‘హూమూస్’లో బాల్కన్ ఊపు నుంచి వీడియో గేమ్ ధ్వనుల దాకా ప్రయాణం ఉంది. ‘వియాండ్’ మాత్రం మొదట వినకూడదు, గొంతు చించే ఆ రెండు నిమిషాలు కొత్తవారిని తరిమేస్తాయి. వీటికి ముందు ఒకసారి స్కార్లాటీ సొనాటాలు పియానో మీద కాక హార్ప్సికార్డ్ మీదే వినడం మంచిది. స్కాట్ రాస్ అనే వాద్యకారుడు 1980లలో మొత్తం 555నీ రికార్డు చేశాడు. వాటిలో ఏ పదైనా చాలు.